ముందు ఖర్చు, తర్వాత రాబడి

గోదావరిఖనిలో పెళ్లి ముహూర్తం పెట్టుకోవాలన్నా, ఆస్పత్రికి పోయే రోజు చూసుకోవాలన్నా మొదట వచ్చే ప్రశ్న 'ఆ వారం ఏ షిఫ్టు?' అని. ఈ సంవాదం కూడా అక్కడే పుట్టింది. మాట్లాడేవాళ్లు ఇద్దరు. ఒకరు యైటింక్లైన్ కాలనీలో ఉండే మేనమామ. భూగర్భ బొగ్గు గనిలో (అక్కడి మాటలో 'బాయి') టబ్బులను తాడుతో లాగే హాలేజ్ ఆపరేటర్‌గా సర్వీసంతా చేసి దిగిపోయిన మనిషి. ఇంకొకరు డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పే ఆయన మేనకోడలు. మామ కొడుకు వారసత్వ ఉద్యోగంలో చేరాడు. రాత్రి షిఫ్టుకు బయల్దేరుతూ సద్ది గిన్నె సర్దుకుంటుంటే ఆమె అడ్డుపడింది. మాటలు నేను కూర్చినవి. వాటిలో వచ్చే ప్రయోగాలు మాత్రం నిజంగా జరిగినవే.

మామ: వద్దని ఎట్లంటవే? బాయిల దిగినోడు నడిరాత్రి నాలుగు మెతుకులు తినకపోతే పొద్దుగాల దాక ఎట్ల నిలవడ్తడు? నేను సర్వీసంతా తిన్న. నాకేమైంది?

కోడలు: షుగర్ అయింది మామా.

మామ: షుగర్ ఊళ్లె ఎవరికి లేదు? బాయి మొఖమే చూడని కిరాణా సేటుకు లేదా? దాన్ని తెచ్చి నా సద్ది గిన్నెకు కడ్తవా?

కోడలు: కట్టను. ఒక్క మనిషిని చూసి, ఇది దానివల్లనే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. నేననేది వేరే. మన ఒంట్ల శక్తి తయారయ్యేది రాత్రీ పగలూ ఒక్క తీరుగ కాదు. కణంల అది పెరుగుతది, తగ్గుతది, మళ్ల పెరుగుతది. కొన్ని కణాలల్ల నిమిషాల లెక్కన, కొన్నింట్ల గంటల లెక్కన, దాదాపు అన్నింట్లనూ రోజు లెక్కన. తినే వేళ ఆ లెక్కకు ఎదురుపడితే ఒళ్లు ఊరుకోదు.

మామ: ఒంటికి లెక్క నేర్పేది పని. వారం మారినప్పుడు రెండు రోజులు కండ్లు మండుతయి, తర్వాత అదే సర్దుకుంటది. అయినా పొద్దు పొడిసేది పైన. బాయిల పొద్దెక్కడిది? ఫస్టు షిఫ్టుల దిగినా చీకటే, నైటుల దిగినా చీకటే. లోపలి గడియారమంటున్నవు గదా, అది దేన్ని చూసి నడుస్తది?

కోడలు: దేన్నీ చూడకుండా నడుస్తది, అదే దాని గుణం. 1729ల ఫ్రాన్సుల ద మెరాన్ అనే ఆయన అత్తిపత్తి మొక్కను చీకట్ల పెట్టి చూసిండు. వెలుగు లేకున్నా పొద్దుగాల ఆకు విచ్చుకున్నది, రాత్రికి ముడుచుకున్నది. మనుషుల సంగతి అడుగుతవేమో, నీలెక్కనే భూమిలోపలికి దిగి చూసినోళ్లున్నరు. 1938ల అమెరికాల క్లైట్‌మన్, ఆయన శిష్యుడు రిచర్డ్‌సన్ కెంటకీల మామత్ గుహల 32 రోజులు ఉన్నరు. పొద్దు తెల్వని చోట రోజుకు 28 గంటలు లెక్కగట్టి పడుకున్నరు, లేచిన్రు, తిన్నరు. ఒంటి వేడి ఎప్పుడు పెరుగుతది, ఎప్పుడు తగ్గుతదో రాసుకున్నరు.

మామ: ఏమైంది మరి?

కోడలు: క్లైట్‌మన్ ఒళ్లు లొంగలేదు. గుహల కూడా 24 గంటల లెక్కే పట్టుకున్నది.

మామ: రెండోవాడు?

కోడలు: ...రిచర్డ్‌సన్ 28 గంటలకు సర్దుకున్నడు.

మామ: అగో! ఇద్దరు దిగితే ఒకడు సర్దుకున్నడు. నేను రిచర్డ్‌సన్ అసొంటోన్ని. మా జట్టుల సగం మంది అసొంటోళ్లే.

కోడలు: అది నేను కాదనను. మనిషికీ మనిషికీ తేడా ఉంటది, వయసుతోటి కూడా మారుతది. క్లైట్‌మన్ నలభై దాటినోడు, రిచర్డ్‌సన్ పడుచోడు. కాని వాళ్లు చూసింది ఒంటి వేడి. నేను అడిగేది ఇంకా లోపలి సంగతి. ఒక్కొక్క కణం సర్దుకున్నదా?

మామ: కణానికి గడియారమెక్కడిదే? మెదడుల ఉంటదని మొన్న నువ్వే చెప్తివి.

కోడలు: మెదడుల ఉన్నది పెద్దది. కణం కణానికీ ఒకటి ఉన్నది. జన్యువులు నడిపే ఆ గడియారాన్ని విప్పి చూపిన ముగ్గురికి 2017ల నోబెల్ వచ్చింది. అంతకంటే వింత ఇంకొకటున్నది. ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, అంటే జన్యువులు లేవు. శక్తి తయారు చేసే మైటోకాండ్రియా కూడా లేదు. అసొంటి కణంల సుత రోజు లెక్కన లయ ఉన్నదని 2011ల కేంబ్రిడ్జ్‌ల ఓనీల్, రెడ్డి చూపిన్రు. పెరాక్సిరెడాక్సిన్ అనే ప్రొటీన్ ఆక్సిజన్ తాకిడికి మారి, మళ్ల మామూలయ్యే తిరుగుడు 24 గంటలకోసారి నడుస్తున్నది. జపాన్‌ల కొండో బృందం ఇంకో అడుగు ముందుకు పోయింది. నీటి నాచు లెక్క కనపడే సైనోబాక్టీరియా నుంచి మూడే మూడు ప్రొటీన్లు తీసి, పరీక్షనాళికల ఏటీపీతోటి కలిపిన్రు. అది 2005. నాళికల ప్రాణం లేదు, కణం లేదు. అయినా అందుల ఒక ప్రొటీన్ మీద ఫాస్ఫేటు 24 గంటలకోసారి ఎక్కుతూ దిగుతూ ఉన్నది.

మామ: ఏటీపీ అంటే?

ఇక్కడ కోడలి గొంతు మారింది. ఏటీపీ పేరు రాని జీవరసాయన పాఠ్యపుస్తకం లేదు. దాన్ని పట్టుకున్నవాళ్లలో ఒకరు భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి మాత్రం ఎన్ని తరగతి గదుల్లో వినిపిస్తుందో! హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన మొదట చేసింది ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి. 1925 నాటి ఆ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని ఇవాళ్టికీ జీవరసాయన ప్రయోగశాలల్లో పిల్లలు నేర్చుకుంటారు. ద్రావణం నీలంగా మారుతుంది, ఆ నీలం చిక్కదనాన్ని బట్టి లెక్క తేలుతుంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఏటీపీ 1929లో దొరికాయి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు.

కోడలు: బోదకాలు రాకుండ ఇంటింటికి తిరిగి మాత్రలు పంచేటోళ్లు యాదున్నరా? ఆ డీఈసీ మందు కూడా సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీల పరిశోధనకు పెద్దగ ఉన్నప్పుడు వచ్చిందే. ఏటీపీ మాటకొస్తే, కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు మోయాలన్నా కణం ఖర్చుపెట్టేది దాన్నే. మన ఒళ్లు రోజంతా తయారు చేసి ఖర్చు చేసే ఏటీపీ అంతా కలిపితే దాదాపు మనిషి బరువంత. ఒక్క క్షణంల ఒంట్ల ఉండే నిల్వ మాత్రం పావుకిలో కూడ ఉండది.

మామ: అంత తక్కువనా? స్టాకు లేకుండ సంసారమెట్ల నడుస్తది?

కోడలు: అందుకే ఎగుడు దిగుడు వస్తది. నువ్వు బాయి మనిషివి, నీకు తొందరగ ఎక్కుతది. బాయిల బొగ్గు తీయాలంటే ముందుగాల ఏం కావాలె?

మామ: ఫ్యాను తిరగాలె. ఫ్యాను ఆగితే మనిషిని ఉండనియ్యరు. పంపు నడవాలె, లేకపోతే నీళ్లు నిండుతయి. హాలేజ్ నడవాలె, టబ్బులు పైకి రావాలె.

కోడలు: అన్నింటికీ కరెంటే గదా. కరెంటు ఎక్కడిది? ఎన్టీపీసీ రామగుండం 2,600 మెగావాట్లు. దానికి బొగ్గు మన బాయిల నుంచి, పైనుంచి తవ్వే ఓసీపీల నుంచి పోతది. అంటే బొగ్గు తీయనీకి కావలసిన కరెంటు ఆ బొగ్గుతోనే పుడ్తది. ముందు ఖర్చు పెట్టాలె, తర్వాత రాబడి. కణంల చక్కెర కరిగేది కూడ గిట్లనే. ఒక్క గ్లూకోజ్‌ను విరగ్గొట్టాలంటే మొదలు రెండు ఏటీపీలు పెట్టాలె. చివరికి నాలుగు వస్తయి, మిగిలేది రెండు. ఆ మొదటి ఖర్చు దగ్గర ఒక ఎంజైము కావలి ఉంటది, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అని. ఏటీపీ ఎక్కువైతే అది పని తగ్గిస్తది, తక్కువైతే పెంచుతది.

మామ: మంచిదే గదా. బంకరు నిండితే తీసుడు ఆపాలె, ఖాళీ అయితే తీయాలె.

కోడలు: ఆ కబురు చేరేసరికి ఆలస్యమైతది. బంకరు నిండిందని కబురొచ్చే లోపల ఎక్కువ తీస్తివి. ఆపినంక, ఖాళీ అయ్యిందని తెలిసే లోపల కరెంటే తగ్గె. కరెంటు తగ్గితే తిరిగి తీసుడే కష్టమాయె. ఎక్కువా తక్కువా అట్లనే ఒకదాని వెంట ఒకటి వస్తయి.

మామ: మాకు అట్ల కాదు. స్టాక్‌యార్డుల బొగ్గు కుప్ప ఉంటది. రామగుండం యూనిటు ఆగినా గ్రిడ్డుల ఇంకో దిక్కు నుంచి కరెంటు వస్తది.

కోడలు: కండరానికి కూడ కుప్ప ఉన్నది. సుబ్బారావు గారు పట్టుకున్న ఫాస్ఫోక్రియాటిన్ అదే. ఏటీపీ తగ్గంగనే అది తన ఫాస్ఫేటును ఇచ్చి నింపుతది. అందుకనే కండరంల ఊగుడు అంత తొందరగ కనపడది. ఈస్టుకు ఆ కుప్ప లేదు. అందుల ఊగుడు కండ్లకు కనపడ్తది.

మామ: కండ్లకెట్ల కనపడ్తదే?

కోడలు: కణంల ఎన్ఏడీహెచ్ అనే పదార్థం ఉంటది. అతినీలలోహిత కాంతి పడితే అది నీలంగ వెలుగుతది. 1964ల ఫిలడెల్ఫియాల బ్రిటన్ చాన్స్, ఆయన దగ్గర అమల్ ఘోష్ ఈస్టు కణాలల్ల ఆ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండుడు చూసిన్రు. ఒక్కో ఊపు అర నిమిషం, నిమిషం. అంతటితో ఆగలేదు. చాన్స్, హెస్, బెట్జ్ ఈస్టు కణాలను చితగ్గొట్టి రసం తీసి చూసిన్రు. రసం కూడ ఊగింది, కొన్ని నిమిషాలకోసారి. అందుల ఒక్క బతికిన కణం లేదు. నువ్వు చెప్పే అలవాటు ఆ రసానికి ఎవరు నేర్పిన్రు?

మామ: నేర్పలేదు, ఒప్పుకుంట. కాని అది గుణమా, లోపమా? గ్రిడ్డుల 50 హెర్ట్జ్ నుంచి కొంచెం జారినా కంట్రోల్ రూముల అలారం మోగుతది. హాలేజ్ తాడు గుంజినప్పుడు ఊగిందంటే ఏదో సడలిందన్నట్టు. మంచి మిషను ఒక్క తీరుగ నడుస్తది. నీ కణం ఊగుతున్నదంటే అది సరిగ తయారు కాలేదన్నట్టు.

ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది 'జీవితమంటేనే లయ' అని ముచ్చటపడి దాటేస్తారు. హాలేజ్ ఆపరేటర్ అడిగిన ప్రశ్ననే శాస్త్రవేత్తలు కూడా దశాబ్దాల తరబడి అడిగారు.

కోడలు: నీ పక్షాన ఉన్నోళ్లున్నరు. 2011ల కాలిఫోర్నియాల చంద్ర, బుజి, డోయిల్ లెక్కగట్టి చెప్పిన్రు: చక్కెర ఊగుడుకు ప్రత్యేకంగ ఒక ఉపయోగం ఉండనక్కర లేదు. రాబడితోటే పెట్టుబడి పెట్టే ఏ ఏర్పాటుకైనా పొదుపుగ నడవాలన్న కోరిక ఒక దిక్కు, ఒడుదొడుకును తట్టుకోవాలన్న కోరిక ఇంకో దిక్కు గుంజుతయి. ఆ రెంటి నడుమ ఊగుడు తప్పదు. అది తీర్చలేని బేరం, అంతే.

మామ: నేనన్నదదే.

కోడలు: ఇంకొకటి కూడ నీ దిక్కే ఉన్నది. గుండె కణంల మైటోకాండ్రియాలు వేలు ఉంటయి. ఒక్కొక్కటి తన లోపలి పొరకు బయటి పక్కన ప్రోటాన్లను తోసి పెడ్తది. అవి వెనకకు వచ్చే దారిల ఏటీపీ తయారైతది. పీటర్ మిచెల్ 1961ల ఈ మాట చెప్తే చానా మంది నమ్మలేదు. 1978ల నోబెల్ ఇచ్చిన్రు. 2003ల జాన్స్ హాప్కిన్స్‌ల ఆన్, కోర్టస్సా, ఒరూర్క్ బృందం గుండె కణంల ఒక చిన్న మూలకు లేజర్ వెలుగు తగిలించిన్రు. అక్కడి మైటోకాండ్రియాలు దెబ్బతిని, వాటి ఆక్సిజన్ రాడికల్స్ పక్కవాటికి తాకి, కొంచెం సేపటికి కణమంతా ఒక్కసారే పొరల మీది విద్యుత్తు కోల్పోవుడు, మళ్ల తెచ్చుకునుడు మొదలైంది. దాదాపు వంద సెకన్లకోసారి. రక్తం అందక గుండె అలసినప్పుడు ఇట్ల ఊగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నదని వాళ్లు చెప్పిన్రు.

మామ: ఇగ వాదనేమున్నది? ఊగుడు రోగమే.

కోడలు: గుండెల రోగం. ఇప్పుడు నీ క్లోమం సంగతి విను. భోజనం చేసినంక క్లోమంల బీటా కణానికి గ్లూకోజ్ అందుతది. మైటోకాండ్రియా ఏటీపీ తయారు చేస్తది. ఏటీపీ పెరిగితే పొటాషియం దారి మూసుకుంటది, కాల్షియం లోపలికి వస్తది, ఇన్సులిన్ బయటికి పోతది. మంచి ఆరోగ్యంగ ఉన్న క్లోమం ఇన్సులిన్‌ను ఒక్క తీరుగ ఒదలది. కొన్ని నిమిషాలకోసారి ఒక విడుత ఒదులుతది. 1979ల ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు మనుషుల రక్తంల ఆ ఊగుడు కొలిచిన్రు. కాలేయం అట్ల విడుతలుగ వస్తేనే ఇన్సులిన్ మాట మంచిగ వింటది. షుగర్ వచ్చినోళ్లకు ఆ విడుతలు గజిబిజి అయితయి. నీకు పోయింది ఆ ఊగుడే మామా.

మామ: (కొంచెం సేపు ఆగి) అంటే ఒక కాడ ఉంటే రోగం, ఇంకో కాడ లేకపోతే రోగం.

కోడలు: ఈస్టుల ఇంకో తీరు. దానికి కొంచెం కొంచెం తిండి ఎడతెగకుండ పెట్టి పెంచితే నాలుగైదు గంటలకోసారి ఆక్సిజన్ జోరుగ పీల్చుకుంటది, తర్వాత తగ్గిస్తది. 2005ల బెంజమిన్ టూ, మెక్‌నైట్ చూసింది ఇది. ఆక్సిజన్ మంట జోరుగున్నప్పుడు కణం తన డీఎన్ఏను నకలు తీయది. మంట తగ్గినంకనే తీస్తది. మంట నిప్పురవ్వలు నకలు మీద పడకుండ వేళలు పంచుకున్నదని వాళ్ల అనుమానం.

మామ: సరే, కణాల ఊగుడు నిమిషాల సంగతి, గంటల సంగతి. నా కొడుకు షిఫ్టు రాత్రంతా. దానికీ దీనికీ ముడి ఎక్కడ?

అడగవలసిన ప్రశ్న ఇదే. నిమిషాల ఊగుడు చక్కెర ఖర్చు లెక్కలోంచి పుడుతుంది. రోజు లయ వేరే యంత్రం. రెంటినీ కలిపేసి 'మైటోకాండ్రియా గడియారం' అని ఒకే పేరు పెడితే పాఠకుడికి పొగ తప్ప ఏమీ మిగలదు. అయితే రోజు లయ చేసే పనుల్లో ఒకటి, మైటోకాండ్రియా ఏ వేళ ఎంత గట్టిగా పనిచేయాలో నిర్ణయించడం. ముడి అక్కడుంది.

కోడలు: 2016ల నెదర్లాండ్స్‌ల మాస్ట్రిక్ట్ వాళ్లు పడుచు మగవాళ్ల తొడ కండరంల నుంచి చిన్న ముక్కలు తీసి, రోజుల ఏ వేళ మైటోకాండ్రియా ఎక్కువ ఆక్సిజన్ వాడుకోగలదో చూసిన్రు.

మామ: పొద్దుగాల అయి ఉంటది.

కోడలు: కాదు. అన్నిటికంటే తక్కువ మధ్యాహ్నం ఒంటిగంటకు. అన్నిటికంటే ఎక్కువ రాత్రి పదకొండుకు.

మామ: (లేచి నిలబడి) ఇంకేందే! రాత్రి పదకొండుకు కండరం జోరుమీద ఉంటే నైట్ షిఫ్టే మేలన్నట్టు గదా! నీ పుస్తకమే చెప్తున్నది.

కోడలు: కండరం ఒక్కటి చెప్తున్నది. క్లోమం ఆ మాట చెప్పది. అదే అన్నం పొద్దుగాల తిన్నదానికంటే రాత్రి తింటే రక్తంల చక్కెర ఎక్కువ పెరుగుతది, ఎక్కువ సేపు ఉంటది. ఒంటి అవయవాలన్నీ ఒక్క షిఫ్టుల లేవు మామా. నైట్ షిఫ్టు చిక్కు అదే. చేతులు పని చేయగలవు, కడుపు అరాయించలేదు. 2021ల బోస్టన్‌ల షేర్, చెల్లప్ప బృందం కొందరిని నైట్ షిఫ్టు లెక్క రాత్రిళ్లు మేలుకోబెట్టింది. కొందరికి రాత్రి కూడ తిండి పెట్టిన్రు, కొందరికి పగలు మాత్రమే పెట్టిన్రు. రాత్రి తిన్నోళ్ల సగటు చక్కెర 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నోళ్లకు ఆ పెరుగుడు రాలేదు. మేలుకున్నది అందరూ, తేడా తిండి వేళది. అందుకనే నేను సద్ది గిన్నెను పట్టుకున్నది.

మామ: వాళ్లు గదిల మేలుకున్నరు. బాయిల దిగలేదు. బొగ్గు నింపిన్రా? సప్పోర్టు కొట్టిన్రా? వేడిల, తడిల మైలు దూరం నడిచిన్రా? ఒళ్లు కరిగే పని చేసేటోన్ని రాత్రంతా పస్తు ఉంచితే కండ్లు తిరుగుతయి. కండ్లు తిరిగిన మనిషి నా హాలేజ్ కాడ నిలవడితే ఏమైతదో నీకు తెల్వది, నాకు తెలుసు.

కోడలు: ఇది నువ్వు గెలిచిన మాట. పస్తు ఉండమని నేననను. షుగర్ గోలీలు మింగేటోళ్లు, ఇన్సులిన్ తీసుకునేటోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఒక్క పూట కూడ మార్చొద్దు, నువ్వు సుత. బావకు ఏ రోగం లేదు. పెద్ద భోజనం షిఫ్టుకు పోకముందే, పొద్దు గూకేటప్పుడు తిననీ. నడిరాత్రి గిన్నె నిండ అన్నం బదులు కొంచెం పల్లీలో, ఒక గుడ్డో. పొద్దుగాల వచ్చినంక ఇంత తిని పడుకోనీ.

మామ: వాడు తిన్నది తగ్గిందా పెరిగిందా, చక్కెర ఏమైందో ఎట్ల తెలుస్తది? బోస్టన్ లెక్క మనకెందుకు?

కోడలు: చేతికి అంటించే మీటరు వచ్చింది. కొన్ని నిమిషాలకోసారి చక్కెర కొలుస్తది, రెండు వారాలు ఉంటది. ఒక వారం ఫస్టు షిఫ్టు, ఒక వారం నైటు.

మామ: అండర్‌గ్రౌండుల? ఎలక్ట్రానిక్ వస్తువును గేటు కాడనే ఆపుతరు. గ్యాసు బాయిల ఫోనుకే దిక్కులేదు, నీ మీటరును దింపనిస్తరా?

కోడలు: అది నాకు తట్టలేదు... అయితే పైన పని చేసేటోళ్లకు పెట్టాలె. ఓసీపీల నైట్ డ్యూటీ చేసేటోళ్లకు.

మామ: మన గల్లిల డంపర్ ఆపరేటర్ ఉన్నడు. రేపు అడుగుత. కాని ఇనుకో, సీట్ల కూసోని నడిపేటోని లెక్క బాయిల నిలవడి పని చేసేటోనికి చెల్లది.

కోడలు: బావకు బాయి దిగే ముందొకసారి, ఎక్కినంక ఒకసారి వేలు గుచ్చి చూద్దాం. రెండు లెక్కలూ కావాలె.

మామ: సరే. ఈ వారం మాత్రం వాని గిన్నె నేనే సర్దుత.